వెనక సీటు అద్దం హ్యాండిల్

మా నిర్మాత అచ్యుతరామయ్య గారు కథలు ఆఫీసులో వినరు, కారులో వింటారు. కథ చెప్పేవాడు జూబ్లీహిల్స్‌లో ఆయన ఇంటి గేటు దగ్గర ఎక్కాలి. కారు చెక్‌పోస్టు మీదుగా ఫిల్మ్‌నగర్ చుట్టి, షేక్‌పేట దాకా పోయి వెనక్కి వస్తుంది. ఈలోపు కథ నచ్చకపోతే ఆయన నోటితో ఒక్క ముక్క అనరు. తన పక్కనున్న అద్దం దించుతారు. అంతే, డ్రైవరు వెంకటనర్సయ్య బండి ఆపేస్తాడు. కథ చెప్పేవాడు ఎక్కడుంటే అక్కడే దిగిపోవాలి.

నోటితో ఎందుకు అనరంటే దానికో కారణం ఉంది. మద్రాసులో ఉన్నప్పుడు ఒక కథను నోరారా వద్దన్నారట. ఆ కథ ఇంకొకరు తీస్తే వంద రోజులు ఆడింది. అప్పట్నుంచీ కాదనే పని అద్దానికి అప్పజెప్పారు. రేపు ఆ కథ ఆడినా తప్పు అద్దానిదే కానీ ఆయనది కాదు. ఇది వినడానికి పిచ్చిగా ఉంటుంది. ఆ పిచ్చి మీద ఆరు సినిమాలు తీసి ఆరూ ఆడించిన మనిషికి ఎదురు చెప్పేదెవరు?

ఫిల్మ్‌నగర్‌లో మాకు ఇదే కొలబద్ద అయిపోయింది. టీ కొట్టు దగ్గర ఇద్దరు రచయితలు కలిస్తే కులాసా అడగరు, "నువ్వెక్కడ దిగావు?" అని అడుగుతారు. చెక్‌పోస్టు దగ్గర దిగినవాడికి బెంచీ మీద చోటివ్వరు. షేక్‌పేట దాకా వెళ్లినవాడికి లేచి నిలబడి టీ ఇప్పిస్తారు. అక్కణ్ణుంచి వెనక్కి తిరిగి గేటు దాకా వచ్చినవాడికి సినిమా వచ్చినట్టే. అలాంటివాళ్లు ఆరుగురే ఉన్నారు.

నేను ఆయన దగ్గర తొమ్మిదేళ్లుగా కో-డైరెక్టర్ని. పేరు సుబ్రహ్మణ్యం. తొమ్మిదేళ్లూ నా కథ నా దగ్గరే ఉంది. అడిగినప్పుడల్లా "నీ వంతు వస్తుందయ్యా" అనేవారు. ఎనభై తొమ్మిది వేసవిలో ఆ వంతు వచ్చింది. వచ్చే శుక్రవారం పొద్దున తొమ్మిదికి కారెక్కమన్నారు. కథ ఒప్పుకుంటే దర్శకత్వం కూడా నాదే అన్నారు. లేకపోతే హీరో డేట్లు వృథా చేసుకోలేక అరవ సినిమా ఒకటి కొనేసి మద్రాసు డైరెక్టరు చేతిలో పెడతారు. నా భార్య రమామణి అయితే ఖరాఖండిగా చెప్పేసింది. ఈ శుక్రవారం దాటితే వెంగళరావు నగర్‌లో ఇల్లు ఖాళీ చేసి తెనాలి వెళ్లిపోదాం, మా అన్నయ్య ఎరువుల కొట్లో కూర్చుందురు గాని అంది. ఎరువుల మీద నాకు కోపం లేదు. కానీ నేను తెనాలి నుంచి పారిపోయి వచ్చిందే ఆ కొట్లోంచి.

సోమవారం నాడు హ్యాండిల్ విరిగింది.

విరగ్గొట్టింది వెంకటాచలం అనే రచయిత కథ. కారు గేటు దాటకముందే పాముకీ పోలీసుకీ పెళ్లి చేశాడట. అచ్యుతరామయ్య గారు తట్టుకోలేక అద్దం హ్యాండిల్ పట్టుకుని ఒక్క గుంజు గుంజారు. అది జపాన్ కారు. కస్టమ్స్ వేలంలో మోజుపడి కొన్నది. లోపలి సామానంతా బిస్కెట్ రంగు ప్లాస్టిక్. హ్యాండిల్ రెండు ముక్కలై చేతిలోకి వచ్చేసింది, అద్దం మాత్రం దిగలేదు. అద్దం దిగలేదు కాబట్టి వెంకటాచలం చెబుతూనే ఉన్నాడు. ఆయన నోటితో వద్దనరు, వెంకటనర్సయ్య బండి ఆపడు. అలా షేక్‌పేటకీ జూబ్లీహిల్స్‌కీ మధ్య నాలుగు చుట్లు తిరిగారు. చివరికి పెట్రోలు అయిపోయి కారు దానంతటదే ఆగితే వెంకటాచలం నీళ్లు తాగి, ఇంటర్వెల్ అండీ అన్నాడట.

ఆ సాయంత్రం అచ్యుతరామయ్య గారు నన్ను పిలిచి, హ్యాండిల్ బాగయ్యేదాకా ఎవరి కథా విననన్నారు. నా కథ వినండి చాలు, హ్యాండిల్ అవసరమే రాదన్నాను. ఆయన జాలిగా చూశారు.

"వద్దనే దారి లేకుండా వినడమేంటయ్యా? అప్పుడు సరే అన్నా దానికి విలువుంటుందా?" అన్నారు.

మాట సబబుగానే ఉంది, నా ఖర్మ.

వెంకటనర్సయ్య మంచివాడు, ముందు తలుపు హ్యాండిల్ తీసి వెనక బిగిస్తానన్నాడు. ముందున్నది వెనక్కి వస్తే కంపెనీ వెనక్కి పోయినట్టే అని అయ్యగారు ఒప్పుకోలేదు. పోనీ వెనకే అవతలి తలుపుది తీద్దామంటే, అది కథ చెప్పేవాళ్ల వైపుది, దిగిపోయిన వాళ్లందరి చేతులూ దానికి తగిలాయి, ముట్టుకోనన్నారు. దాంతో హ్యాండిల్ వెతికే పని నా నెత్తిన పడింది. నా మెడకు వెయ్యబోయే ఉరితాడు నన్నే కొనుక్కురమ్మన్నట్టుంది. అయినా వెళ్లాను. ఆ హ్యాండిల్ లేకపోతే నన్ను వద్దనడానికి కూడా ఎవరూ లేరు కదా.

మంగళవారమంతా సికింద్రాబాదులో కారు సామాన్ల కొట్లు తిరిగాను. విరిగిన ముక్కలు జేబురుమాల్లో మూటగట్టి, ఒక్కొక్కరి ముందూ విప్పి చూపించాను. ఒకాయన హ్యాండిల్ విడిగా రాదు, తలుపుతో పాటే వస్తుందన్నాడు. తలుపే ఇమ్మన్నాను. తలుపు విడిగా రాదు, నాలుగూ కలిపే తెప్పించాలన్నాడు. నాలుగు తలుపులు కొంటే కారు కొన్నట్టే కదా, అలాగైతే కారే చూపించమన్నాను. కారు లేదు, ఆ కారు ఈ దేశంలో దొరకదన్నాడు. గంటసేపు మాట్లాడి ఇది చెప్పడానికి మనిషికి ఎంత ఓపికుండాలో.

బుధవారం బోరబండ వెళ్లాను. అక్కడ మల్లమ్మ అనే ఆవిడ పాత కార్లు విప్పి సామాన్లు అమ్ముతుంది. గంపెడు హ్యాండిళ్లు తెచ్చి నా ముందు కుమ్మరించింది. ఇద్దరం నేల మీద కూర్చుని వంకాయలు ఏరినట్టు ఏరాం. నల్లవి, బూడిద రంగువి, అంబాసిడర్‌వి, ఒకటైతే కుట్టుమిషనుది. బిస్కెట్ రంగుది ఒక్కటీ లేదు. నా మొహం చూసి ఆవిడకే బాధేసినట్టుంది.

"గింత ప్లాస్టిక్ ముక్కకు గంత ఫికరేంది సారూ? అద్దం దించకుంటే మనిషి సచ్చిపోతడా?" అంది.

ఎవరు చస్తారో చెబితే ఆవిడకి అర్థం కాదని లేచి వచ్చేశాను.

గురువారం పొద్దున ఆశ పుట్టింది. అలాంటి కారే జూబ్లీహిల్స్‌లో ఇంకొకటి ఉందని తెలిసింది. రిటైరైన కాలేజీ ప్రిన్సిపాలు శారదాదేవి గారిది. వెళ్లి నమస్కారం పెట్టి, మీ కారు హ్యాండిల్ ఒక్కటి ఒక్క రోజుకి ఇప్పించండి అని కాళ్లావేళ్లా పడ్డాను. సినిమావాణ్ణని తెలిసి ఆవిడ మొహం వికసించింది. ఇస్తాను గానీ నా దగ్గరో కథ ఉంది, ముందు అది విను అంది. విన్నాను. రెండు గంటలు విన్నాను. విన్నానంటే, పోర్టికోలో ఉన్న కారు వంకే చూస్తూ ఊకొట్టాను. చివరికి ఆవిడ కళ్లు తుడుచుకుని, ఎలా ఉంది నాయనా అంది. అద్భుతమండీ, ఇక హ్యాండిల్ అన్నాను.

"మావన్నీ ఎప్పుడో విరిగిపోయాయిగా. నీకు దొరికితే నాకూ ఒకటి పట్రా" అంది.

ఒళ్లు మండిపోయింది. పెద్దావిడ కాబట్టి సరిపోయింది. గేటు బయటికొచ్చి బండరాయిని ఒక్క తాపు తన్నాను. రాయికేం కాలేదు, నా బొటనవేలు వాచింది.

కుంటుకుంటూ ఫిల్మ్‌నగర్‌లో మా ఆర్ట్ డైరెక్టరు వీరరాఘవయ్య షెడ్డుకి పోయాను. అసలు మొదటి రోజే అతని దగ్గరికి పోవాల్సింది. మయసభ కావాలన్నా వారంలో కట్టి నిలబెట్టే మనిషి. విరిగిన ముక్కలు చూసి, ఇంతేనా, సాయంత్రానికి తీసుకెళ్లు అన్నాడు. అన్నట్టే చేశాడు. చెక్కతో చెక్కి, ఏదో పూత పూసి, రంగు కలిపి ఆరబెట్టాడు. ఆ బిస్కెట్ రంగు, ఆ మెరుపు, చివరనున్న గుండీ మీద జపాన్ వాడి సన్నటి గీతలు, అన్నీ ఉన్నాయి. పాత ముక్క పక్కన పెడితే పాతదే నకిలీలా ఉంది. నేను కెమెరామన్‌లా రెండు చేతుల వేళ్లతో చట్రం కట్టి, దగ్గర్నుంచి చూశాను, దూరం నుంచి చూశాను. క్లోజప్‌లో పెట్టినా ఎవడూ పట్టుకోలేడన్నాను. వీరరాఘవయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇద్దరం కౌగిలించుకున్నాం.

శుక్రవారం పొద్దున ఎనిమిదికి అతనే వచ్చి స్వయంగా బిగించాడు. పది అడుగులు వెనక్కి నడిచి, తల ఒక పక్కకి వంచి, "ఓకే" అన్నాడు. నేనూ ఓకే అన్నాను. తిప్పి చూడాలని ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు. సినిమాలో తలుపు చేస్తే తలుపులా కనపడిందా లేదా చూస్తాం గానీ, దానెనక గది ఉందా అని చూడం కదా. హ్యాండిల్ లోపల, తలుపులోంచి వచ్చే ఇనప కడ్డీ పళ్లను పట్టుకునే గాడి ఉండాలి. కెమెరాకి కనపడదని వీరరాఘవయ్య అక్కడ నున్నటి చిల్లు పెట్టి వదిలేశాడు.

తొమ్మిదికి అచ్యుతరామయ్య గారు వచ్చారు. హ్యాండిల్ చూసి ఎక్కడిదన్నారు. జపాన్ నుంచి తెప్పించానన్నాను. నోరు జారింది, ఏం చెయ్యను? ఆయన దానికి బొట్టుపెట్టి దణ్ణం పెట్టుకుని కూర్చున్నారు. కారు కదిలింది. నేను కథ మొదలెట్టాను.

మొదటి సీన్ రైల్వే స్టేషను. రైలు ఇంకా ప్లాట్‌ఫారం మీదికి రానేలేదు, ఆయన చెయ్యి హ్యాండిల్ మీదికి పోయింది. చెయ్యి మెల్లగా తిరగడం మొదలెట్టింది. తొమ్మిదేళ్లయ్యా! చెక్‌పోస్టు కూడా రాలేదు! కళ్లు మూసుకుని చెబుతూ పోయాను. బండి ఆగలేదు. కళ్లు తెరిచి చూస్తే అద్దం ఎక్కడిదక్కడే ఉంది. హ్యాండిల్ మాత్రం గిర్రున తిరుగుతోంది. అప్పుడర్థమైంది నాకు, వీరరాఘవయ్య ఏం చేశాడో.

చెబితే ఆపుతారు. చెప్పకపోతే మోసం. నేను చెప్పలేదు, కథ చెప్పాను. ఫిల్మ్‌నగర్‌లో బండలు పగలగొడుతున్న చోటు దాటాం, ఆయన తిప్పుతున్నారు. పాటల దగ్గర వేగంగా తిప్పారు. షేక్‌పేట దగ్గర నా కథ అయిపోయింది, అయినా ఆయన తిప్పుతూనే ఉన్నారు. కథ ఆపితే ఆయన ఆలోచనలో పడతారని నేను ఆపలేదు. నోటికి ఏదొస్తే అది చెప్పాను. తిరుగుదారంతా చెబుతూనే ఉన్నాను. ఆయన రెండు చేతులతో తిప్పుతున్నారు, చెమటలు కారుతున్నాయి, చొక్కా తడిసిపోయింది. అద్దం వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

గేటు ముందు కారు ఆగింది. ఆయన హ్యాండిల్ వదిలేసి, అద్దం వంక చాలాసేపు చూశారు. తర్వాత నా చేతులు రెండూ పట్టుకున్నారు.

"గేటు దగ్గర్నుంచీ తిప్పుతున్నానయ్యా, నీకు అబద్ధం చెప్పను. మొదటి సీనే నచ్చలేదు, ఆ తర్వాత ఒక్క ముక్క వినలేదు. జపాన్ హ్యాండిల్, కొత్తది, పట్టుకుంటే తిరుగుతోంది. అద్దం దిగనంటోంది. అది వద్దనలేని కథని వద్దనడానికి నేనెవర్ని? ఈ సినిమా నువ్వే తీస్తున్నావు" అన్నారు.

నాకు ఏడుపొచ్చింది. సంతోషమో, సిగ్గో, రెండూనో తెలీదు. ఆయన కారు దిగి, మళ్లీ తల లోపలికి పెట్టారు.

"క్లైమాక్సులో మాత్రం ఒక్క అక్షరం మార్చావంటే ఊరుకోను. కారులో ఎలా చెప్పావో అలాగే తియ్యాలి. అద్దం ఒప్పుకున్న క్లైమాక్సది" అన్నారు.

తలూపాను. ఆయన లోపలికి వెళ్లిపోయారు. పంతులు గారికి ఫోన్ చేసి ముహూర్తం అడుగుతున్న గొంతు బయటిదాకా వినపడుతోంది. అప్పుడు తోచింది నాకు. షేక్‌పేట దగ్గర నా కథ అయిపోయింది. ఆ తర్వాత గేటు దాకా నేను చెప్పిందేంటి? ఏదో ఓడ వచ్చినట్టు గుర్తు. కోర్టు కూడా వచ్చింది. కవల పిల్లల్లో ఒకరు చచ్చిపోయారు. ఎవరు? అసలు నా కథలో కవలలు ఎక్కడున్నారు?

ముందు సీట్లో వెంకటనర్సయ్య స్టీరింగు తుడుచుకుంటున్నాడు. అయ్యగార్ని అడగలేను, వినలేదని ఆయనే చెప్పారు. ముందుకి వంగి అతని భుజం పట్టుకున్నాను. నువ్వు ఇక్కడే ఉన్నావుగా, నేను చివర్లో ఏం చెప్పాను, కాస్త గుర్తు చేసుకో అని బతిమాలాను.

వెంకటనర్సయ్య నొచ్చుకున్నాడు.

"నేను ఎన్నడూ కథ ఇన్లే సార్. బండి ఎప్పుడు ఆపాల్నో ఎర్కగావాలె గదా, అద్దం దిక్కే సూస్త. ఇయ్యాల గూడ గదే సూసిన" అన్నాడు.

"నేనూ దాన్నే చూశాను వెంకటనర్సయ్యా" అన్నాను.