తారు కింద మూత

గునపం మళ్ళీ జారింది. తారు మీద పడి పక్కకు తిరిగి, అతని కాలి బొటనవేలి పక్కనే ఖంగుమంది. వాన కళ్ళలోకి కొడుతోంది. మోచేత్తో మొహం తుడుచుకుని వాల్వు తాత మళ్ళీ గునపం ఎత్తాడు.

తాత అనిపించుకునే వయసేం కాదు, యాభై ఏడు. ముప్పై ఏళ్ళుగా ఈ వీధుల కింద నీళ్ళ గొట్టాలకు వాల్వులు తిప్పీ తిప్పీ నడుం వంగిపోవడంతో ఆ పేరు పడింది. ఏ మలుపులో ఏ గొట్టం ఎటు పోతుందో కాగితం చూడకుండా చెప్పగలడు. చూద్దామన్నా కాగితం లేదు. ఆఫీసులో ఉన్న ఒక్క పటాన్నీ చెదలు ఎప్పుడో తినేశాయి.

ఇరవై గజాల అవతల రోడ్డు కూలిపోయింది. మూడు రోజుల వాన ఒక సాకు మాత్రమే. కింద పెద్ద గొట్టం చిట్లి నెలల తరబడి మట్టిని తోడేస్తోంది. పైన మాత్రం కొత్త తారు నిగనిగలాడుతూ ఉంది. పొద్దున ఏడింటికి వీధి ఊడ్చే ఆమె చెత్తబండి తోసుకుంటూ దాని మీదికి వచ్చింది. బండీ, ఆమే కలిసి లోపలికి పోయారు. ఆమె కుడికాలు తారు పెళ్ళకూ గొట్టానికీ మధ్య ఇరుక్కుంది. గొట్టం పూర్తిగా పగిలి నీళ్ళు గుంటను నింపుతున్నాయి.

నలుగురు తాడు వేసి లాగారు. ఆమె పెట్టిన కేకకు చేతులు చల్లబడి వదిలేశారు.

"ఫైరింజను వంతెన కింద నీళ్ళలో ఆగిపోయిందట. వాల్వు కట్టేయడం తప్ప దారి లేదు తాతా!" అని అరిచాడు సైకిల్ షాపతను.

ఆ సంగతి తాతకు తెలియంది కాదు. వాల్వు గది మూత ఈ తారు కిందే ఉంది. పోయినేడాది ఎవరో పెద్దమనిషి వస్తున్నాడని ఒక్క పూటలో వీధంతా తారు పరిచేశారు. "అయ్యా, మూత పూడ్చేస్తున్నారు" అని మొత్తుకున్నాడు. "తరవాత తవ్వి తీయిద్దాంలే" అన్నాడు ఇంజనీరు. నాలుగుసార్లు ఆఫీసుకు తిరిగాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

తారు పరిచిన ఆ రోజు వీధి ఊడ్చే ఆమె నవ్వింది. "పైన పటారం, లోన లొటారం. ఊడవడానికి మాత్రం భలేగా ఉందన్నా!" అంది. పదేళ్ళుగా పొద్దున్నే ఒక టీని రెండు గ్లాసుల్లో పోసుకుని తాగిన చనువు. ఊరంతా తాత అంటుంటే ఆమె ఒక్కతే అన్నా అని పిలిచేది.

మూత కరెంటు స్తంభం నుంచి తొమ్మిది అడుగులని అతని గుర్తు. స్తంభాన్ని జరిపారన్న సంగతి మరిచిపోయాడు. మొదట తవ్వింది ఉత్త రోడ్డే. అక్కడే పావుగంట పోయింది.

"అన్నా! అయిందా?"

"అయింది చెల్లీ! మూత తగిలింది!"

ఇంకా తగల్లేదు.

"గుండెల దాకా వచ్చాయన్నా."

"భయపడకు. నేనున్నాగా!"

ఉండి ఏం చేస్తున్నాడు? ఆ మాట తన నోట్లోంచే వచ్చి తననే పొడిచింది. పిచ్చెక్కినవాడిలా గునపం దించాడు. ఈసారి ఇనుము మోగింది. మూత పెకలిస్తే లోపల గది నిండా ఒండ్రు. బోర్లా పడుకుని రెండు చేతులతో తోడాడు. రాడ్డు దించి తిప్పితే వాల్వు కదల్లేదు. ఏళ్ళ తరబడి నూనె చుక్క ఎరగని వాల్వు. సైకిల్ షాపతను వచ్చి పట్టాడు. ఇంకో ఇద్దరు పట్టారు. అరచేతుల తోలు లేచిపోతోంది గానీ రాడ్డు కదలడం లేదు.

"అన్నా, గడ్డం..."

తరవాత పిలుపు రాలేదు.

వాల్వు కిర్రుమంది. పావు చుట్టు, సగం చుట్టు. ఆ తరవాత ఏమీ ఎరగనట్టు సులువుగా తిరిగింది. నీళ్ళ హోరు తగ్గింది.

"చెల్లీ! ఆగిపోయాయి! కట్టేశాను!"

గుంట చుట్టూ నిలబడ్డవాళ్ళలో ఒక్కరూ ఇటు తిరగలేదు.

మధ్యాహ్నానికి ఇంజనీరు జీపులో వచ్చాడు. గొడుగు పట్టడానికి బంట్రోతు, చేతిలో ముందే రాసుకొచ్చిన కాగితం.

"సంతకం పెట్టు తాతా. వాల్వు వాడివి కదా, నీదే కావాలి."

"కళ్ళజోడు తడిసింది. చదవండయ్యా."

ఇంజనీరు గబగబా చదివాడు. భారీ వర్షం వల్ల ప్రమాదం. వాల్వు పోయిన నెలే తనిఖీ చేశాం. హెచ్చరిక బోర్డు పెట్టినా కార్మికురాలు దాటి వెళ్ళింది.

"బోర్డు ఎక్కడుందయ్యా?"

"వరదకి కొట్టుకుపోయుంటుంది."

"కొట్టుకుపోవాలన్నా ముందు పెట్టాలి కదయ్యా."

ఇంజనీరు గొంతు తగ్గించాడు. "మూడేళ్ళలో రిటైరవుతావు. నీకెందుకీ గోల? నువ్వు పెట్టకపోతే ఇంకొకడు పెడతాడు."

"పెట్టనివ్వండి. నేను పెట్టను."

ముప్పై ఏళ్ళలో ఏ ఆఫీసరుకూ అతను కాదని చెప్పలేదు. ఆ గొంతు తనది కానట్టే అనిపించింది. అయినా ఆగలేకపోయాడు.

"రాయాలంటే ఇది రాసుకోండి. ఊళ్ళో ఇంకా పదకొండు మూతలు తారు కింద ఉన్నాయి. ఒకటి బడి గేటు ఎదురుగా. రెండోది ఆసుపత్రి మలుపులో. మూడోది..."

ఇంజనీరు పెన్నుకు మూత పెట్టి జీపెక్కాడు. బంట్రోతు గొడుగు ముడిచి ఒక్క క్షణం తాత మొహంలోకి చూసి, తల దించుకుని వెనకాలే ఎక్కాడు.

తాత వానలో నిలబడి వరసగా చెబుతూనే ఉన్నాడు. ఆరోది ఎక్కడుందో చెబుతుండగా జీపు కదిలింది.