శుక్రవారం ఆరింటి వంతు

ఫిన్లాండులో తార్మో హక్కరైనెన్ ఉండే బిల్డింగులో ఒక చట్టం ఉంది. ఎక్కడా రాసి లేదు కాబట్టి అందరూ పాటిస్తారు. బయటికి వెళ్ళాలంటే ముందు తలుపుకి చెవి ఆనించాలి. వరండాలో పక్కింటివాళ్ళ అడుగులు వినబడితే, వాళ్ళు మెట్లు దిగి, వీధి తలుపు వేసుకుని, వీలైతే కయాని ఊరి పొలిమేర దాటేదాకా ఆగాలి. లేకపోతే ఎదురుపడి పలకరించుకోవాల్సి వస్తుంది. ఆ బిల్డింగులో అలాంటి ప్రమాదం చివరిసారి పదకొండేళ్ళ కిందట జరిగింది. ఇద్దరూ ప్రాణాలతోనే బయటపడ్డారు.

తార్మోకి యాభై రెండు. లిఫ్టులు బాగుచేస్తాడు. రోజంతా లిఫ్టు తిరిగే చీకటి గొయ్యిలో ఒక్కడే. ఆ మనిషికి సరిపడ్డ ఉద్యోగమే. కానీ మార్చి నుంచి పనైపోయినా గొయ్యిలోంచి పైకి రాబుద్ధి కావట్లేదు. తిండి సయించట్లేదు. తెల్లారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోంది. బ్రష్ మీద పేస్టు వేసుకోవడానికి ఒక ఆదివారం మొత్తం చాలలేదు.

అక్టోబరు మొదట్లో హెల్త్ సెంటర్ డాక్టరు డిప్రెషన్ అని చెప్పి సెర్ట్రలీన్ మాత్రలు రాశాడు. పొద్దున పూట ఒకటి. మిగతాది నర్సు సాతు చెప్పింది.

"ఇది తలనొప్పి మాత్ర కాదు తార్మో గారూ, వేసుకున్న గంటకి పనిచెయ్యడానికి. నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదట్లో కడుపులో తిప్పొచ్చు, నిద్ర ఇంకాస్త చెడొచ్చు. భయపడకండి. మీ అంతట మీరు మాత్రం ఆపెయ్యకండి."

"పనిచేస్తోందని నాకెలా తెలుస్తుంది?"

"చాలాసార్లు మీకంటే ముందు మీ పక్కనున్నవాళ్ళకే తెలుస్తుంది. ఆరు వారాలయ్యాక వస్తారుగా, ఎవరినైనా అడిగి రండి. ఏమైనా తేడా ఉందా అని."

తార్మో తలూపాడు. "పక్కనున్నవాళ్ళు" అన్నచోటే అతని బుర్ర ఆగిపోయింది, అలాంటివాళ్ళు తనకెవరున్నారని.

మొదటి వారం కడుపులో ఎవరో లిఫ్టు కిందికీ పైకీ నడిపారు. రెండో వారానికి ఆ లిఫ్టు ఆగింది. తర్వాత ఏమీ లేదు. ఆరో వారం వచ్చినా తనకేమీ తెలియలేదు. సోమవారం వెళ్ళి, ఇవి నాకు పనిచెయ్యవు, ఇక వద్దు అని చెప్పేద్దామని తీర్మానించుకున్నాడు. కానీ నర్సు అడిగి రమ్మంది. ఫిన్లాండులో నర్సు అడిగి రమ్మంటే అడిగే వెళ్తారు.

అక్క రౌనికి ఫోన్ చేశాడు. ఏడాదికి ఒక్కసారి, క్రిస్మస్‌కి మాట్లాడుకుంటారు. నవంబరులో ఫోన్ వచ్చేసరికి ఆవిడ హడలిపోయింది.

"ఎవరు పోయార్రా?"

"ఎవరూ పోలేదక్కా. నాలో ఏమైనా తేడా తెలుస్తోందా?"

"పోయిన క్రిస్మస్‌కి 'ఊఁ' అన్నావు. ఇప్పుడు ఇన్ని మాటలు మాట్లాడుతున్నావు. తాగావా?"

"లేదు."

"అయితే నాకేం తెలుస్తుందిరా? నిన్ను చూసి నాలుగేళ్ళయింది."

కంపెనీలో రెయిజోని అడిగాడు. రెయిజో తొమ్మిదేళ్ళుగా పక్క లిఫ్టు బాగుచేస్తున్నాడు. తార్మో మొహంలోకి తేరిపార చూసి, "నువ్వు గడ్డం పెంచుతున్నావా?" అన్నాడు. తార్మో గడ్డం పెంచి ఇరవై ఏళ్ళయింది.

ఇక అడగడానికి భూమ్మీద మనుషులు అయిపోయారు.

శుక్రవారం సాయంత్రం తువ్వాలు భుజాన వేసుకుని కింద సెల్లార్లో ఉన్న సౌనాకి, అంటే కాలిన రాళ్ళ మీద నీళ్ళు పోసి ఆవిరి పట్టుకునే గదికి, వెళ్ళాడు. బిల్డింగులో ఒక్కో ఇంటికి వారానికి ఒక గంట వంతు. తార్మోది శుక్రవారం ఆరు నుంచి ఏడు. మార్చిలో మానేశాడు గానీ వంతు వదులుకోలేదు. వదులుకోవాలంటే మేనేజరుకి ఫోన్ చేసి మాట్లాడాలి. అందుకని ప్రతి శుక్రవారం ఆరింటికి పొయ్యి దానంతటదే వెలిగి, ఎవరూ లేని బెంచీల్ని గంటసేపు కాచి, ఆరిపోయేది.

సౌనా తలుపు మీద కాగితం అంటించి ఉంది.

"ఆరు నుంచి ఏడు వారికి. రాళ్ళ మీద అన్నేసి నీళ్ళు పొయ్యకండి. తర్వాత వచ్చేవాళ్ళకి ఊపిరాడట్లేదు. బెంచీలు కారుతున్నాయి. మూడు వారాలుగా ఇదే వరస!"

సంతకం లేదు. చివర ఆశ్చర్యార్థకం ఉంది. ఆ బిల్డింగులో అది యుద్ధ ప్రకటన.

తార్మోకి చెవులు కాలిపోయాయి. ఇల్లు అమ్మేసి దేశం ఉత్తరపు కొసనున్న లాప్లాండ్ వెళ్ళిపోదామనుకున్నాడు. లోపలికి వెళ్ళి నీళ్ళు పొయ్యకుండా దొంగలా కూర్చున్నాడు. ఎండు వేడిలో నలభై నిమిషాలు కూర్చున్నాక తట్టింది. మూడు వారాలుగానా?

మూడు వారాల కిందట ఒక శుక్రవారం బూట్లు తడిసి, చలేసి, కిందికి దిగాడు. మరుసటి వారం ఎందుకు దిగాడో గుర్తులేదు. గరిటెతో నీళ్ళు పోస్తే రాళ్ళు బుస్సుమన్నాయి, బాగుందనిపించి ఇంకో గరిటె పోశాడు. అది చెప్పుకోవాల్సిన సంగతని తోచనేలేదు.

ఏడింటి వంతు హిల్కా కెత్తునెన్‌ది. డెబ్భై ఎనిమిదేళ్ళావిడ. పదహారేళ్ళుగా గోడ అవతలే ఉంటుంది.

శనివారం పొద్దున తార్మో చొక్కా ఇస్త్రీ చేసుకుని, వెళ్ళి ఆవిడ తలుపు కొట్టాడు. గొలుసు వేసి ఉన్న తలుపు నాలుగు వేళ్ళ మందాన తెరుచుకుంది.

"ఎక్కడన్నా నిప్పంటుకుందా?" అంది హిల్కా.

"కాదండీ. ఆ కాగితం..."

"నేనే రాశాను. తీసెయ్యను."

"తీసెయ్యమనట్లేదు. మూడు వారాలకి ముందు సౌనా ఎలా ఉండేదని..."

"ముందా? ఎముకలా ఎండిపోయి ఉండేది బెంచీ. మార్చి నుంచీ. అప్పుడు ఏమన్నా రాశానా నేను?"

"చూశారా?"

"చూడకపోతే ఎలాగయ్యా, దాని మీదేగా కూర్చోవాలి? పోయావేమో అనుకున్నా. రోజూ రాత్రి మీ బాత్రూములో నీళ్ళ చప్పుడు వినపడితే, సరే ఉన్నాడులే అని పడుకునేదాన్ని. రెండుసార్లు వినపడలేదు. పొద్దున్నదాకా కుర్చీలోనే కూర్చున్నా."

తార్మో గొలుసుకి దగ్గరగా జరిగాడు.

"మరి ఒక్కసారి తలుపు కొట్టకపోయారా అమ్మా?"

హిల్కా నిజంగానే ఆశ్చర్యపోయింది. "పరిచయం లేదుగా!"

అది ఒప్పుకోవాల్సిన మాటే. తార్మో మాత్రల సంగతి చెప్పాడు. నర్సుకి చూపించాలి, ఒక ముక్క రాసివ్వగలరా అన్నాడు. తలుపు మూసుకుంది. పావుగంట తర్వాత తలుపు కిందినుంచి ఒక కాగితం జారింది.

సోమవారం సాతు దాన్ని రెండుసార్లు చదివింది. "మార్చి నుంచి అక్టోబరు మూడో వారం దాకా బెంచీ పొడి. ఆ తర్వాత వరద. హిల్కా కెత్తునెన్, పద్నాలుగో నంబరు ఇల్లు."

"నా సర్వీసులో ఇంత మంచి రిపోర్టు చూళ్ళేదండీ," అంది.

"మానేద్దామనుకున్నాను."

"ఇప్పుడా? దారిలో పడుతుంటేనా? ఇదే డోసు కొనసాగిద్దాం. పూర్తిగా బాగున్నాననిపించాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి. ఆపేటప్పుడు డాక్టరే మెల్లిమెల్లిగా తగ్గిస్తారు. సరేనా?"

"సరే."

"ఈవిడ మీకేమవుతారు?"

"గోడ అవతల."

"దగ్గరి మనిషి అని ఫైల్లో రాసుకోనా? అవసరమైతే ఫోన్ చెయ్యడానికి."

తార్మో ఆలోచించాడు. ఆ టైములో రెండు లిఫ్టులు బాగుచెయ్యొచ్చు.

"ఆవిడ్ని అడగాలి," అన్నాడు.

"అడగండి."

"అంటే మళ్ళీ తలుపు కొట్టాలి."

"కొట్టండి. మళ్ళీ ఆరు వారాలకి రండి, అప్పుడు రాసుకుంటాను."

తార్మో కిటికీలోంచి మంచు వంక చూస్తూ, మళ్ళీ తలుపు కొట్టడానికి ఎన్ని వారాలు పడుతుందో లెక్కేసుకున్నాడు.

"ఎనిమిది చెయ్యండి," అన్నాడు.