క్లూనీన్ అడవిలో వెల్లుల్లి ఆకు

నేవన్ పట్నం దాటాక క్లూనీన్ అనే పల్లె పక్కన ఒక చిన్న అడవి ఉంది. ఊరివాళ్లే దాన్ని లీజుకు తీసుకుని చూసుకుంటారు. ఎక్కడపడితే అక్కడ అల్లుకుపోయే లారెల్ పొదలు కొట్టేదీ, బాటలు బాగుచేసేదీ, పడిపోయిన చెట్లు కోసి కట్టెలు పంచుకునేదీ వాళ్లే. లీలారాణికి ఇవేమీ తెలియవు. ఆమె ఆ అడవిలోకి వెళ్లింది వాసన పట్టుకుని.

నర్సింగ్ హోమ్‌లో డ్యూటీ దిగి, కాసేపు నడుద్దామని గేటు దగ్గర కారు ఆపింది. లోపల ఎవరో వెల్లుల్లి దంచుతున్నంత ఘాటు. వాగు ఒడ్డంతా పచ్చటి ఆకులు, పరుపు పరిచినట్టు. అక్కడ కుక్కతో తిరుగుతున్న ఒకావిడ, అది అడవి వెల్లుల్లి అనీ, తినొచ్చు అనీ చెప్పింది. లీలారాణి గుప్పెడు కోసుకుని ఇంటికొచ్చి, ఎండుమిరపకాయలు, వేరుశనగ గుళ్లు వేయించి, చింతపండు పెట్టి పచ్చడి నూరింది. ఎప్పుడూ పాస్తా అడిగే కూతురు జాయ్ కూడా రెండోసారి అన్నం పెట్టించుకుంది.

ఆ ఆదివారం క్లాండాల్కిన్‌లో తమ తెలుగు సంఘం ఆరాధన అయ్యాక సహవాస భోజనానికి ఒక డబ్బా తీసుకెళ్లింది. అంతే. జయమ్మ ఆంటీ వేలు నాకి, ఈ ఆకు ఎక్కడిదని అడిగింది. నేస్‌లో కూతురి దగ్గర ఉండే జయమ్మదే సంఘంలో వంట పెత్తనం. ఆమె మెచ్చుకుంటే సంఘమంతా మెచ్చుకున్నట్టే. తర్వాతి శనివారం క్లూనీన్ గేటు ముందు కార్లు బారులు తీరాయి. అందరూ సంచులు నింపుకున్నారు. కొందరు పెరట్లో నాటుకుందామని గడ్డలతో సహా పీకారు. ఆ మరుసటి వారం ఇంకొందరు వచ్చారు.

ఏప్రిల్‌లో లీలారాణి మళ్లీ వెళ్లేసరికి వాగు ఒడ్డు బురదగా, బోసిగా ఉంది. తెల్లటి పూలు రావలసిన చోట కాళ్ల గుర్తులే మిగిలాయి. గేటుకు ఒక కాగితం అంటించి ఉంది: ఆకు కోయడం ఆపేయాలా వద్దా తేల్చడానికి బుధవారం ఊరి హాల్లో మీటింగ్, అందరూ రావచ్చు. ఆమె ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పింది. భర్త రత్నకుమార్, మనకెందుకులే, ఊరుకో అన్నాడు. ఆమె ఊరుకోలేకపోయింది.

హాల్లో అందరూ ఊరివాళ్లే. అడవి కమిటీని నడిపే నోరా, రిటైరైన టీచర్. పక్కన మాటీ అనే పెద్దాయన, పుట్టినప్పటినుంచి ఆ అడవి పక్కనే ఉన్నవాడు. వాగు ఒడ్డు అలా బోసిపోవడం తానెన్నడూ చూడలేదని మాటీ అన్నాడు. గేటుకు తాళం వేయాలని ఇద్దరు ముగ్గురు గట్టిగా పట్టుబట్టారు. లీలారాణి లేచి నిలబడింది. కోసింది తమ సంఘంవాళ్లేననీ, దారి చూపించింది తానేననీ, ఇంత అవుతుందని అనుకోలేదనీ ఇంగ్లీషులో తడబడుతూ చెప్పింది.

ఆమె కూర్చోగానే మాటీ లేచాడు. తన తల్లి కూడా అక్కడే కోసేదనీ, తాళం వేస్తే ఇక అది ఊరి అడవి ఎలా అవుతుందనీ అడిగాడు. అక్కడినుంచి మాట మాటకు తోడై ఒక కట్టుబాటు తయారైంది. వాగు ఒడ్డును మూడు భాగాలు చేసి ఏడాదికొక భాగంలోనే కోయాలి. మొక్కకు ఒక్క ఆకే, గడ్డ జోలికి పోకూడదు. కోసుకునేవాళ్లు ఒక పూట లారెల్ కొట్టే పనికి రావాలి. మరి ఇదంతా చూసుకునేదెవరని నోరా అడిగితే, కోసేవాళ్లు ఎవరి మాట వింటారో వాళ్లే అన్నాడు మాటీ. అందరూ లీలారాణి వైపు చూశారు.

ఆమెకు మొదటి పరీక్ష ఆ శనివారమే వచ్చింది. జయమ్మ అల్లుడి కారులో దిగింది, చేతిలో పెద్ద సంచులు.

"వందనాలు ఆంటీ. ఇక్కడ కొయ్యకూడదండీ. ఈ ఏడాది పైన జెండాలు కట్టిన భాగంలోనే కొయ్యాలి. అది కూడా పని చేసినాకే."

"నాకు చెప్తున్నావా లీలా? నేను నేర్పిన వంటే గదా నువ్వు వండేది?"

"మీకే చెప్తున్నానండీ. మీరు వింటే అందరూ వింటారు."

జయమ్మ గిరుక్కున తిరిగి వెళ్లి కారులో కూర్చుంది. లీలారాణికి ఏడుపొచ్చినంత పనైంది. అయినా వెళ్లి బతిమాలలేదు. రంపం తీసుకుని మాటీ పక్కన పొదలు కోయసాగింది.

కాసేపటికి కారు తలుపు చప్పుడైంది. కొట్టేసిన కొమ్మలను మాటీ ఒక్కడే ఈడ్చుకుపోతుంటే చూడలేక జయమ్మ దిగివచ్చింది. చీర కుచ్చిళ్లు దోపుకుని, స్వెట్టర్ చేతులు పైకి మడిచి, కొమ్మకు అటు చివర పట్టుకుంది. ఇటు పట్టు, అటు తిప్పు అని తెలుగులోనే మాటీకి పని చెప్పింది. ఆయన బాగుంది అన్నట్టు గ్రాండ్, గ్రాండ్ అంటూ చెప్పినట్టల్లా చేశాడు. మధ్యాహ్నానికి బాట పక్కన కొమ్మలు గుట్టగా పడ్డాయి. జయమ్మ తన వాటా ఆకు అరచేతిలో పట్టుకుని చూసుకుంది.

"ఇది రోట్లో అడుగుకు కూడా చాలదే."

"టమాటాలు కలపండి ఆంటీ, సరిపోద్ది."

"నాకు నేర్పుతున్నావా," అంది జయమ్మ. ఈసారి మాత్రం నవ్వుతూనే అంది.

మరుసటి ఆదివారం ఆరాధన అయ్యాక కట్టుబాటు గురించి సంఘానికి చెప్పింది జయమ్మే. ఆ వసంతమంతా శనివారాల్లో కార్లు మళ్లీ వచ్చాయి. ఈసారి వచ్చినవాళ్ల చేతుల్లో తొడుగులు, రంపాలు. మధ్యాహ్నం టార్పాలిన్ కింద పులిహోర, నోరా చేసిన సోడా బ్రెడ్ అందరికీ అందేవి. గడ్డలు పీకి పెరట్లో నాటుకున్నవాళ్లు చడీచప్పుడు లేకుండా తెచ్చి వాగు ఒడ్డున పాతారు.

మరుసటి మార్చిలో మళ్లీ మీటింగ్ జరిగింది. నిరుడు బోసిపోయిన కింది ఒడ్డున సగానికి పైగా పచ్చదనం తిరిగివచ్చింది. అదే రోడ్డుకు దగ్గర, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు వీలైన చోటు. ఈ ఏడాది దాన్ని తెరుద్దామా అని నోరా అడిగింది. పెద్దవయసు వాళ్లకు సులువని లీలారాణి కూడా ఆ మాటకే మొగ్గింది. వెనక వరసలోంచి జయమ్మ చెయ్యెత్తింది. ఆమె మాట లీలారాణి ఇంగ్లీషులో చెప్పవలసి వచ్చింది.

"మోకాళ్లదేముంది, మెల్లగా పైకెక్కుతాం. దాన్ని ఇంకో ఏడాది పూయనివ్వండి అని చెప్పవే."

లీలారాణి చెప్పింది. మాటీ అందరికంటే ముందు చెయ్యెత్తాడు.