గేబ్రియేలు మాస్టారి రెండో వైపు

నేను ఒక క్యాసెట్‌ను. ఎక్కడ పుట్టానో గుర్తులేదు గానీ, నాకు గొంతు వచ్చింది మాత్రం విశాఖపట్నం అల్లిపురంలో. ఓడల్లో స్టూవార్డుగా చేసి రిటైరైన గేబ్రియేలు మాస్టారు, ఓడల్లో వడ్డన పనికి వెళ్లే కుర్రాళ్ల కోసం నా మొదటి వైపు పోర్చుగీసు పలకరింపులు, రెండో వైపు ఇటాలియన్ పలకరింపులు నింపారు. ఒక్కో మాట చెప్పి, వాళ్లు తిరిగి చెప్పడానికి కాస్త ఖాళీ వదిలారు. నా వీపు మీది ప్లాస్టిక్ నాలుకలు విరిచేస్తే నన్నెవరూ చెరపలేరు. మాస్టారు విరవలేదు. శిష్యుల మీద అంత నమ్మకం, పాపం.

పొద్దుటి పలకరింపుల్లో పేచీ లేదు. అక్కడ బోమ్ దియా, ఇక్కడ బువోన్ జోర్నో. పేచీ అంతా చీకటి పడ్డాకే. పోర్చుగీసు వాళ్లు ఆ వేళ వచ్చినా వెళ్లినా బోవా నోయిత్ అంటారు. ఇటలీ వాళ్లయితే వచ్చినవాడికి బువోనా సేరా అంటారు. బువోనా నోత్తె అన్నది పడుకోబోయేవాడికే. ఆ హెచ్చరిక నా రెండో వైపు ఉండేది.

ఇటలీ ఓడలో ఒక్క ఉద్యోగానికి మాస్టారి శిష్యుల్లో పైడిరాజు, త్రినాథ్ మిగిలారు. ఒకే గదిలో ఉంటూ ఒకే కంచంలో తినే స్నేహితులు. పైడిరాజు స్నానానికి వెళ్లగానే త్రినాథ్ రికార్డు మీట నొక్కి, ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. బువోనా సేరా పోయింది, హెచ్చరికా పోయింది. బువోనా నోత్తెను మాత్రం ఉంచాడు, దుర్మార్గుడు. పైడిరాజు వచ్చి ఆ నిశ్శబ్దం విని, తిరిగి చెప్పమని మాస్టారు వదిలిన ఖాళీ అనుకున్నాడు. వచ్చినా వెళ్లినా ఒకటే మాటనే మొదటి వైపు పద్ధతే ఇక్కడా అనుకుని, శ్రద్ధగా 'బువోనా నోత్తె' అని వల్లె వేశాడు.

పరీక్ష ఒక హోటల్లో, రాత్రి భోజనం బల్ల దగ్గర. ఇటలీ అధికారి లోపలికి రాగానే పైడిరాజు వంగి, నేర్చుకున్నది చెప్పాడు.

"అన్నం పెట్టకుండానే పడుకోమంటున్నాడు" అని ఆయన నవ్వితే గదంతా నవ్వింది. అందరికంటే ఎక్కువ నవ్వింది త్రినాథే. తర్వాత వాడు బువోనా సేరా అన్నాడు, ఉద్యోగం కొట్టేశాడు.

వాడి పెట్టె స్టేషన్‌కు మోసింది పైడిరాజే.

"మాస్టారు ఆ ముక్క మనకి సెప్పనేదేటిరా?"

"ముసిలోడు మర్సిపోనాడ్రా. ఊరుకో."

ఇప్పుడు పైడిరాజు హార్బరు దగ్గర టీకొట్టులో గ్లాసులు కడుగుతున్నాడు. నేను ఆ కొట్టు అటక మీద దుమ్ములో ఉన్నాను. సాయంత్రాలు మాస్టారు వస్తారు.

"ఏరా పైడీ, బాగున్నావా?"

పైడిరాజు తలెత్తడు. ఆయనకు నమస్కారం పెట్టడం మానేశాడు. మాస్టారు జవాబు కోసం కాస్త ఖాళీ వదిలి నిలబడతారు, నాలో వదిలినట్టే. ఆ ఖాళీలో పైడిరాజు ఇంకో గ్లాసు కడుగుతాడు.