ఉంగరం ముద్ర

మూడో అంతస్తు ఆఫీసులో ఆమెను అందరూ గాయాలమ్మ అనేవారు. ఫైటింగ్ గేముల్లో తన్నులు తినేవాళ్ల ఒంటిమీద దెబ్బలు గీయడం ఆమె పని. పొద్దున్నే టీ కప్పు పక్కన పెట్టుకుని, కమిలిన కళ్లకీ పగిలిన పెదవులకీ రంగులద్దుతూ కూర్చునేది. దెబ్బ ఎర్రగా మొదలై, నీలంగా మారి, చివరికి పసుపులోకి దిగుతుందని ఆమెకి తెలిసినంత బాగా ఎవరికీ తెలీదు. తెలియక ఏం చేస్తుంది, నమూనాలు సొంత అక్కవాయె.

అక్క మొహం చూసి ఎవరడిగినా తలుపు తగిలిందనేది. ఆ తలుపుకి చదరపు రాయి ఉంగరం కూడా ఉండేది కాబోలు, ప్రతి దెబ్బలోనూ దాని ముద్ర పడేది. ఉంగరం బావది. తన దగ్గరికి వచ్చెయ్యమని చెల్లెలు ఎన్నిసార్లు బతిమాలినా, వెళ్తే చంపేస్తాడని అక్క భయం. ఉన్నా చంపేస్తాడని చెల్లెలి భయం.

ఆఫీసు మూసే వేళకి గేముల్లోవాళ్లు తెరల్లోంచి దిగి బయట తిరగడం ఆ వీధికి అలవాటే. టీ కొట్టాయన వాళ్లకీ టీ పోసేవాడు. వాచ్‌మన్ గొణుగుడంతా వాళ్ల బూట్ల బురద గురించే.

ఆ వారం గాయాలమ్మ చేతికొచ్చినవాడు బండోడు, తలుపంత మనిషి. గేములో వాడి తీరొక్కటే. ఎన్ని దెబ్బలైనా నోరెత్తకుండా తింటాడు, తర్వాత కొట్టిన చేతిని వెతుక్కుంటూ వెళ్లి అన్నీ తిరిగిచ్చేస్తాడు. అక్క దెబ్బలన్నీ ఆమె వాడి ఒంటిమీదికి ఎక్కించింది. టీమ్ లీడర్ చూసి మెచ్చుకున్నాడు గానీ, వీణ్ణి కొట్టేవాళ్లెవరికీ ఉంగరాల్లేవు కదా, ఆ ముద్రలు చెరిపెయ్యమన్నాడు. సరేనండి అంది. చెరపలేదు.

సాయంత్రం బండోడు మెట్లు దిగి, టీ కూడా తాగకుండా అక్కవాళ్ల వీధి వైపు నడిచాడు. గాయాలమ్మ వాడి వెనకాలే పరుగెత్తింది.

వెళ్లేసరికి అక్క వంటింటి గోడకి ఆనుకుని ఉంది, ముక్కులోంచి నెత్తురు కారుతోంది. బావ మళ్లీ చెయ్యెత్తాడు. బండోడు ఆ చేతిని వెనకనుంచి పట్టుకుని, ఉంగరాన్ని తన దవడ మీది ముద్రకి ఆనించి చూసుకున్నాడు. సరిపోయింది. ఇక మొదలుపెట్టాడు. కోపం లేదు, తొందరా లేదు. కన్ను, పెదవి, పక్కటెముకలు. ఒక్కో దెబ్బా దిగుతుంటే వాడి ఒంటిమీద ఒక్కో మచ్చా మాసిపోయింది. బావ పళ్లు సింకులో రాలాయి. ఆపమని చెప్పవే అంటూ అక్క కాళ్ల వైపు పాకాడు. గాయాలమ్మకి భయమేసింది. సంతోషంగానూ ఉంది.

ఒళ్లంతా శుభ్రమయ్యాక బండోడు చేతులు దులుపుకుని వెళ్లబోయాడు.

"ఆగన్నా," అంది అక్క. జుట్టు పక్కకి తీసి, చెవి వెనక కాలిన మచ్చ చూపించింది. చెల్లెలికి కూడా ఏనాడూ చూపించనిది. "ఇదొకటి మిగిలిపోయింది."

బండోడు మచ్చ కేసి చూశాడు. తర్వాత పొయ్యి వెలిగించాడు.

అక్క అరుపులకి ఎన్నడూ రాని పక్కింటావిడ, బావ అరుపుకి పరుగెత్తుకొచ్చింది. నేలమీద మూలుగుతున్న మనిషిని చూసి, ఏమైందమ్మా అని అడిగింది.

అక్క అప్పటికే చెప్పులేసుకుని, బట్టల సంచీ చెల్లెలి చేతికిచ్చింది.

"తలుపు తగిలిందండి," అంది.