దొరగారు వస్తున్నారు

మా చిన్నాన్న జ్ఞానశేఖర్‌ది బందరు. బందరులో తెల్లవాణ్ణి 'దొరగారు' అంటారు, అతని భార్యను 'దొరసానిగారు' అంటారు. అందులో కాస్త అతి వినయం ఉంటే ఉండవచ్చు గాని అపాయమేమీ లేదు. సికింద్రాబాదు వచ్చి ఒక హోటల్లో పెద్ద గుమాస్తా అయి, చిలకలగూడలో కాపురం పెట్టి ఏళ్ళు గడిచినా ఆయన ఆ మాట మార్చుకోలేదు. మార్చుకోమని ఎవరూ చెప్పలేదు కూడా. చిన్నాన్నకు ఒకరు చెప్పడమంటూ ఉండదు, చెప్పేదంతా ఆయనే చెబుతాడు.

పోలీసు చర్య జరిగిన తర్వాత వచ్చిన చలికాలంలో బెంటన్ దంపతులు ఆ హోటల్లో దిగారు. నీలగిరిలో తేయాకు తోట అమ్మేసుకుని ఇంగ్లండుకు వెళ్ళిపోతున్నారు. పోయేలోగా ఈ దేశాన్ని ఇంకొక్కసారి తాపీగా చూసుకోవాలని వాళ్ళ కోరిక. రైళ్ళ వెంట పరుగులు పనికిరావు. నల్లమల అంచున షికారు బంగళాల్లో కొన్ని వారాలు, ఆ తర్వాత సికింద్రాబాదు హోటలు వరండాలో నీరెండకు కూర్చుని టీ తాగుతూ కొన్నాళ్ళు గడపాలి. అడవిలో కూడా పింగాణీ కప్పులుండాలి, స్నానానికి వేణ్ణీళ్ళుండాలి. ఆ ఏర్పాట్లన్నీ చిన్నాన్న నెత్తినేసుకున్నాడు. దేశం ఏమైపోతోందో మాకే తెలియని ఆ రోజుల్లో ఈ విలాసమేమిటని వాళ్ళింట్లో ఉండి చదువుకుంటున్న నేనంటే, "నీకేం తెలుసే, టీచరు ట్రైనింగు పిల్లవి" అన్నాడు.

దంపతులను హోటల్లోనే ఉంచి ఆయన ముందుగా అడవి అంచున ఉన్న ఎర్రకుంట అనే ఊరు వెళ్ళాడు. చావడి దగ్గర నిలబడి, సికింద్రాబాదు నుంచి దొరగారు వస్తున్నారు, బంగళా బాగుచేయాలి, మనుషులు కావాలి అని చెప్పాడు. తెల్లారేసరికి ఊరు ఊరంతా బంగళా ముందు నిలబడిందట. ఆడవాళ్ళు అలికారు, మగవాళ్ళు దారి చదును చేశారు. పాలు, నెయ్యి, కోళ్ళు అడక్కుండానే వచ్చాయి. బెంటన్ దంపతులు వచ్చాక అడవిలో డప్పులు కొట్టి జంతువులను తోలడానికి ముసలివాళ్ళు సైతం వెళ్ళారు. కూలి ఇవ్వబోతే ఒక్కరూ చెయ్యి చాపలేదు.

అందరిలోకీ ఎక్కువ చాకిరీ చేసింది బాలమ్మ అనే ఆవిడ. పొద్దున్నే నీళ్ళు కాచేది, కావిళ్ళు మోసేది. కొడుకు జంగయ్య కమ్యూనిస్టుల సంగంలో తిరిగాడని మిలిటరీ వాళ్ళు పట్టుకుపోయారట. ఆ సంగతి దొర చెవిన వెయ్యమని చిన్నాన్నను రోజూ బతిమాలేది. చిన్నాన్న మాట తప్పే మనిషి కాదు. బెంటన్‌కు చెప్పాడు. ఆయన అయ్యో పాపం అని పైపు వెలిగించుకున్నాడు. "చెప్పానమ్మా, దొరగారు చాలా బాధపడ్డారు" అని చిన్నాన్న ఆవిడకు కబురందించాడు.

తిరిగొచ్చిన ఆదివారం చర్చిలో లేచి సాక్ష్యం చెప్పాడు. పరదేశిని ఆదరించమన్న వాక్యం ఆ అడవి జనానికి ఎవరూ బోధించకపోయినా వాళ్ళ గుండెల్లో ఉందన్నాడు. కూలి కూడా ముట్టని ఆ ప్రేమ మనలో ఎంతమందికుందని అడిగాడు. రోసమ్మ చిన్నమ్మ కళ్ళు తుడుచుకుంది. నేనూ పొంగిపోయాను, ఎందుకు దాచాలి.

అది జరిగిన కొద్ది రోజులకే బాలమ్మ మా గుమ్మంలోకి వచ్చింది. చేతిలో మూతికి గుడ్డ కట్టిన తేనె ముంత. స్టేషను దగ్గర్నుంచి చిన్నాన్న పేరు చెప్పి దారి అడుగుతూ అడుగుతూ ఇల్లు పట్టుకుంది. చిన్నమ్మ పెట్టిన అన్నం రెండు ముద్దలు తిని, దొరకు చూపించమంది. చిన్నాన్నకు ఎంత సంబరమో. పాపం, ఇంత దూరం అభిమానంతో వచ్చిందన్నాడు. బజార్లో బండ్లకు బెదురుతుందేమోనని ఆవిడ చెయ్యి పట్టుకోమని చిన్నమ్మ నన్నూ పంపింది.

హోటలు వరండాలో దంపతులు టీ తాగుతున్నారు. బాలమ్మ మెట్ల కింద వంగి దండం పెట్టి ముంత అందించింది. దొరసాని దాన్ని రెండు చేతులా అందుకుని నవ్వింది. బాలమ్మ మాత్రం వాళ్ళ వెనక తలుపు వంకే చూస్తోంది.

"దొర ఎప్పుడొస్తడు సారూ?" అంది.

"ఎదురుగానే ఉన్నారు కదమ్మా" అన్నాడు చిన్నాన్న నవ్వుతూ.

"గీయన దొరకు సుట్టమనుకున్నం. మా దొర ఏడి?"

చిన్నాన్న నవ్వు అలాగే ఉండిపోయింది. ఆవిడ మెల్లగా చెప్పుకొచ్చింది. ఎర్రకుంట భూములన్నీ ఒక దొరవి, అక్కడ దొరంటే భూస్వామి. సంగం వాళ్ళు తిరగబడితే ఆయన కోటలాంటి తన గడీ వదిలి సికింద్రాబాదు పారిపోయాడు. మిలిటరీ దిగాక ఆయన మనుషులే ఇల్లిల్లూ చూపించి జంగయ్యలాంటి వాళ్ళను పట్టించారు. సికింద్రాబాదు నుంచి దొర వస్తున్నాడని చావడి దగ్గర చెప్పగానే ఊళ్ళో ఎవరికీ ఆ రాత్రి నిద్ర లేదు. తెల్లవాళ్ళు దిగితే, దొర తన ఇంటి అతిథులను ముందు పంపి ఊరు వంగిందో లేదో చూస్తున్నాడనుకున్నారు.

"గందుకే గద సారూ ఊరంత ఎట్టి చేసింది. దొర బాధపడ్డడంటివి. కోపం తగ్గిందేమో, పోరన్ని ఇడిపిస్తడేమోనని వచ్చిన."

ఎట్టి అంటే వెట్టి. వెట్టిచాకిరీ గురించి చిన్నాన్న పేపర్లో చదివి మాకందరికీ ఉపన్యాసాలిచ్చినవాడే. ఇప్పుడాయన మొహం చూడడానికే నాకు భయమేసింది. ఆవిడ ఏమంటోందని దొరసాని అడిగింది. మిమ్మల్ని చూసి సంతోషపడుతోందని చిన్నాన్న ఇంగ్లీషులో చెప్పాడు. నాకు ఇంగ్లీషు వచ్చు. చిన్నాన్న అబద్ధమాడగా వినడం అదే మొదలు.

దొరసాని మళ్ళీ నవ్వింది. ఆ నవ్వు చూసి బాలమ్మ మొహం వికసించింది.

"ఏమన్నది సారూ? ఇడిపిస్తదా?"

చిన్నాన్న మెట్లు దిగి ఆవిడ ముందుకొచ్చాడు. "లేదమ్మా. ఆమెను నేను అడగనే లేదు. మా వైపు తెల్లవాళ్ళను దొర అంటాం. వీళ్ళ చేతిలో ఏమీ లేదు. మీ అందరి చేతా నేను ఊరికే చాకిరీ చేయించాను."

  బాలమ్మ మెట్లెక్కింది, దొరసాని చేతుల్లోంచి తేనె ముంత వెనక్కి తీసుకుంది.

"మా దొర ఇల్లు యాడనో ఎరుకేనా?" అంది.

ఆ దొర మారేడుపల్లిలో ఉంటున్నాడని హోటలు కాపలావాడు చెప్పాడు. తనే వెళ్ళి ఆయనతో మాట్లాడతానన్నాడు చిన్నాన్న.

"తొవ్వ చూపెట్టు సారూ, సాలు. మాట మాత్రం నువ్వు మాట్లాడకు."

అంత మాట పడ్డాక ఆయన దారి పొడవునా నోరు విప్పలేదు. ఎండలో ఆయన ముందు, మేమిద్దరం వెనక నడిచాం. దొర బంగళా దగ్గర నౌకరు వచ్చి ముంత పుచ్చుకుని లోపలికి వెళ్ళాడు. తిరిగొచ్చి, దొర పడుకున్నాడు, లేచేదాకా కొట్టం ఊడ్చమన్నాడు.

బాలమ్మ కొంగు నడుముకు బిగించుకుని లోపలికి వెళ్ళి చీపురందుకుంది. చిన్నాన్న గేటు పట్టుకుని నిలబడ్డాడు. వద్దమ్మా అనబోయి నోరు మూసుకున్నాడు. వద్దంటే జంగయ్యను ఎవరు విడిపిస్తారు?