డాక్టరమ్మ తల్లికి ఒంట్లో బాగోలేదు

మా అమ్మాయి డాక్టరు. అయితే దాని అసలు పని మందులు రాయడం కాదు, తోటి డాక్టర్లూ నర్సులూ యాంటీబయాటిక్స్ ఎడాపెడా వాడకుండా ఆపడం. ఆసుపత్రిలో వాళ్ళకి క్లాసులు పెట్టి, ఏ మందు దేనికి పనిచేస్తుందో, దేనికి పనిచేయదో పరిశోధనల్లో తేలిన సంగతులు చూపించి పాఠం చెబుతుంది. అవసరం లేకుండా వాడితే క్రిములు మొండికేస్తాయనీ, రేపు నిజంగా ప్రాణం మీదికొస్తే ఏ మందుకీ లొంగవనీ భోజనం ముందు కూర్చున్నా అదే గోల. జలుబు చేసిందే, ఒక్క మాత్ర ఇవ్వవే అంటే కన్నతల్లికి కూడా ఇవ్వని పిసినారి!

దాని మాట నిజమేనని పోయిన చలికాలం నాకు బాగా తెలిసొచ్చింది. అది ఊళ్ళో లేనప్పుడు, దగ్గుకని ఇంకో డాక్టరు రాసిచ్చిన యాంటీబయాటిక్ మింగాను. దగ్గు మాట దేవుడెరుగు, విరేచనాలు పట్టుకుని చావు తప్పి కన్ను లొట్టబోయింది. నేను కోలుకున్నాక, "ఇంకోసారి ఇలాగైతే తట్టుకోలేవమ్మా" అని మా అమ్మాయి వెక్కి వెక్కి ఏడ్చింది.

అలాంటిదాన్ని స్నానాల గదిలో పడి, తుంటి విరగ్గొట్టుకుని, దాని ఆసుపత్రిలోనే చేరాను. ఆపరేషను బాగానే జరిగింది. నన్ను చూసే డాక్టరు మా అమ్మాయి శిష్యురాలే. నోరు తెరిస్తే "అంటే... అది..." అని నసిగే పిల్ల. నేను నసుగుడమ్మ అని పేరు పెట్టాను. మా అమ్మాయి వార్డుకొచ్చిందంటే అందరి ముందూ ఆ పిల్లను కడిగేసేది.

"ఈ మందు ఎందుకిస్తున్నావు? ఆధారమేంటి? అందరూ ఇస్తారు కాబట్టి ఇచ్చాననకు."

పాపం, ఆ పిల్ల కళ్ళనీళ్ళు కుక్కుకునేది. మెత్తనివాళ్ళని చూస్తే మొత్తబుద్ధి అంటారే, అదీ వరస. నాకు ఒళ్ళు మండేది.

ఒక సాయంత్రం ఉన్నట్టుండి నా బుర్ర తికమకపడింది. కుట్టుమిషను ముందు బతికినదాన్ని కదా, దుప్పటి అంచు పట్టుకుని, "కోటుకి గుండీలు కుట్టలేదు, కోటిచ్చినాయన వచ్చి తిడతాడు" అన్నానట. మా అమ్మాయిని "అక్కా" అని పిలిచానట. కాసేపు తెరిపి, కాసేపు మబ్బు. తెరిపిలో విన్నవి మాత్రం బాగా గుర్తున్నాయి.

నా ఒంటేలు ముదురు రంగులో ఉందని నర్సు అంతకుముందే పరీక్షకు పంపింది. అందులో క్రిములున్నాయని రిపోర్టు వచ్చింది. అది చూడగానే మా అమ్మాయి నసుగుడమ్మ వైపు తిరిగింది.

"ఇదే కారణం. యాంటీబయాటిక్ ఇంజెక్షను మొదలుపెట్టు. ఇప్పుడే."

నసుగుడమ్మ కదల్లేదు. "అంటే... మేడమ్... జ్వరం లేదు. మంట లేదు. బీపీ బాగుంది. ఈ వయసువాళ్ళకి ఏ జబ్బూ లేకపోయినా మూత్రంలో క్రిములుంటాయి, వాటికి మందిచ్చినా ఈ తికమక తగ్గదు అని... మీరే..."

"నాకే పాఠం చెబుతున్నావా? తను మా అమ్మ!"

"అందుకే మేడమ్. ఇక్కడ మీరు కూతురు. ఈవిడ డాక్టర్ని నేను."

ఓరి నాయనో అనుకున్నాను. ఈసారి ఆ పిల్ల నసగలేదు.

"అమ్మకేమైనా అయితే?"

"పోయిన చలికాలం ఏమైందో మీకు తెలుసు. ఈ ఇంజెక్షనుతో మళ్ళీ అదే అయితే? నేను ఈవిడ దగ్గరే ఉంటాను మేడమ్. జ్వరం వచ్చినా, బీపీ పడినా ఆ ఇంజెక్షను నేనే వేస్తాను. ముందు ఇంకేదైనా కారణముందేమో చూడనివ్వండి."

మా అమ్మాయి గోడవైపు తిరిగిపోయింది. భుజాలు కదులుతున్నాయి. ఊరందరికీ ధైర్యం చెప్పే పిల్ల, అలా బెదిరిపోయింది.

నసుగుడమ్మ కుర్చీ లాక్కుని నా మొహంలోకి వంగింది. "అమ్మమ్మా, నాలుక చూపించండి. అయ్యో, అట్టలా ఎండిపోయిందే! నీళ్ళు తాగట్లేదా?"

"తాగితే పోయాలిగా తల్లీ. పోయాలంటే బెడ్‌పాన్ పెట్టించుకోవాలి. పరాయివాళ్ళ ముందు నడుమెత్తి... ఛీ, సిగ్గుతో చచ్చిపోతున్నా. ఆ ఆయమ్మ మాత్రం ఎంతమందికని చేస్తుంది పాపం? అందుకే గొంతు తడుపుకుని, మిగతా నీళ్ళు మూతి కడుక్కునే బేసిన్‌లో పోసేస్తున్నా."

ఆ పిల్ల నవ్వలేదు, తిట్టలేదు. ఒంట్లో నీళ్ళు తగ్గినా, నిద్రమాత్ర పడకపోయినా బుర్ర ఇలాగే తికమకపడుతుందని సెలైన్ పెట్టించింది, కొత్తగా ఇస్తున్న నిద్రమాత్ర ఆపించింది. మాటి మాటికీ జ్వరం చూస్తూ, చెంచాతో నీళ్ళు తాగించింది. ఇంజెక్షను అవసరం రాలేదు. తెల్లారేసరికి నా కూతురు నాకు కూతురిలాగే కనిపించింది.

అది మంచం పక్కనే కూర్చుని ఉంది. కళ్ళు వాచిపోయాయి.

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"నువ్వడిగావటే? నా ఒంటేలుని అడిగావు, నా రక్తాన్ని అడిగావు. నన్నెప్పుడడిగావు?"

అంతలో క్లాసుకి టైమైందని ఫోనొచ్చింది. చేసింది నసుగుడమ్మే.

"ఇవాళ నువ్వు చెప్పు" అంది మా అమ్మాయి.

"అంటే... మేడమ్... నేనా?"

"అంటే లేదు, గింటే లేదు. నిన్న నాకు చెప్పావుగా, అదే చెప్పు. ఎదురుగా ఉన్నది నేనని కూడా నువ్వు జంకలేదని చెప్పు." ఫోను పెట్టేసి కుర్చీ నా దగ్గరికి జరుపుకుంది. కాసేపు నా చెయ్యి నిమిరి, "అమ్మా, ఇంకేమైనా దాచావా?" అంది.

ఏం లేదు పోవే అందామనే అనుకున్నాను. నోటికి మాత్రం వేరేదొచ్చింది.

"మళ్ళీ నడవలేనేమోనని భయంగా ఉందే."

అనేసరికి నాకు ఏడుపు ఆగలేదు. అదీ ఏడ్చింది. కాసేపటికి కళ్ళు తుడుచుకుని, లేచి గ్లాసులో నీళ్ళు పోసింది. నేను మొత్తం తాగేశాను.